వకుళ గారి పశ్చాత్తాపం మీద విచారణ

...అయినా ముద్ర ఎక్కడ వెయ్యాలి? కిలో రాయికైతే అడుగున గుంట ఉంటుంది, గుంటలో సీసం ఉంటుంది, సుత్తితో ఒక్కటిస్తే ఆ యేటి ముద్ర పడుతుంది. కాటాకైతే దండె మీద చోటుంటుంది. లీటరు డబ్బాకి అంచున ఉంటుంది. ఒంటరితనానికి ఎక్కడుంటుంది? అది చాలా లోతుగా ఉంటుందని అందరూ అంటారు గానీ, అడుగు ఎక్కడో ఒక్కరూ చెప్పరు. అడుగు లేని వస్తువుని తిరగేయడం ఎలాగ?

విజయవాడలో బస్సెక్కిన దగ్గర్నుంచీ తాతాజీ ఇదే ఆలోచిస్తున్నాడు. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క యేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసిన మనసు అతనిది. ఏది ఎదురైనా ముందు దాన్ని తూచి చూసుకుంటుంది. పెళ్లి భోజనంలో లడ్డూ చేతికి రాగానే గ్రాములు తెలిసిపోతాయి. పొద్దున భార్య టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడుని బట్టి, ఇవాళ కోపం మామూలు కంటే పావుకిలో ఎక్కువ అని లెక్క కట్టుకుంటాడు. ఇంకో ఏడు నెలల్లో రిటైరవ్వాల్సిన ఆ మనిషిని సాంస్కృతిక ప్రోత్సాహక మండలి డెప్యుటేషన్ మీద తెప్పించుకుంది. 'నిష్పక్షపాతముగా కొలువగల సిబ్బంది' కావాలని మండలి రాసింది. పాపం, శాఖ వాళ్లు నిజంగానే పంపించారు.

మండలికి ఈ అవసరం ఊరికే రాలేదు. రెండేళ్ల క్రితం 'పరిణత స్వరం' అని ఒక పథకం పెట్టారు. యాభై దాటిన వాళ్లెవరైనా తమ పాటలు తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని, తమ లోపలికి తాము తొంగిచూసుకుంటూ ఒక ఆల్బం పాడితే, మండలే స్టూడియో ఇప్పించి, సభ పెట్టి విడుదల చేస్తుంది. ఆ రోజుల్లో లోపలికి తొంగిచూసుకోవడం మీద అందరికీ మోజుగా ఉండేది. వంతెనలు ప్రారంభించేటప్పుడు కూడా పెద్దలు రెండు నిమిషాలు లోపలికి చూసుకునేవారు. మొదటి యేడు ఒకాయన ఒంటరితనం మీద పది పాటలు పాడాడు. విడుదల సభలో మొదటి వరసలో ఆయన చుట్టాలు పధ్నాలుగు మంది కూర్చున్నారు. ఒకావిడ ఆయన నోట్లో మైసూర్‌పాకు పెడుతున్న ఫోటో పేపర్లో పడింది. ఎవరో సమాచార హక్కు కింద మండలిని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: 'సదరు ఒంటరితనము ఎక్కడ ఉన్నది?'

మండలి దగ్గర జవాబు లేదు. లేని ఒంటరితనాన్ని విడుదల చేశామన్న అప్రదిష్ట మాత్రం మిగిలింది. దరిమిలా నమూనా-7 వచ్చింది. ఆల్బంలో పాడిన ప్రతి అనుభూతినీ మండలి అధికారి స్వయంగా వెళ్లి, చూసి, ధ్రువీకరించాలి. అనుభూతి పేరు, మొదలైన తేదీ, ప్రస్తుతం కొనసాగుతున్నదా లేదా, కొనసాగుతున్నచో ఎంత మేరకు. నాలుగో నిబంధన ప్రకారం ధ్రువీకరించే అధికారి ఆ పాటలు వినకూడదు. ఇంతకు ముందున్న అధికారి విని, కళ్లొత్తుకుని, అన్ని కాయితాల మీదా గబగబా సంతకాలు పెట్టేశాడట. తాతాజీకి ఈ నిబంధన ఒక్కటీ సబబుగానే తోచింది. గాలి తగిలితే ముల్లు కదులుతుంది. అందుకే కాటాని ఫ్యాను కింద పెట్టరు.

*

వకుళ గారి ఇల్లు కాకినాడ రామారావుపేటలో, రెండో అంతస్తు. ఆవిడకి యాభయ్యారేళ్లు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఇరవయ్యేళ్లు పాడింది, బళ్లో పిల్లలకి పాట చెప్పింది, ఇప్పుడొక గిటారూ ఒక కీబోర్డూ పెట్టుకుని ఎనిమిది పాటలు చేసింది. ఆల్బం పేరు 'లోపలి గది'. తలుపు తీసి, మెట్ల మీద వరసగా నిలబడ్డ వాళ్లని చూసింది.

"ఎంతమందండీ?"

"నలుగురమమ్మా. నేను, ఫోటోగ్రాఫరు, పంచనామాకి సాక్షులు ఇద్దరు."

"నా ఒంటరితనం చూడ్డానికి నలుగురొచ్చారా! కుర్చీలు మూడే ఉన్నాయండి మరి."

"పర్లేదమ్మా. కుర్చీల సంఖ్య కూడా రాసుకోవాలి."

మొదటి పాట 'మోకాలు'. మెట్లెక్కుతూ వయసుతో మాట్లాడే పాట. ఎక్స్‌రే చూపించింది, అతను వెలుగుకి పట్టి చూశాడు, 'నొప్పి కలదు, జతపరచడమైనది' అని రాశాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది. అన్నీ ఇలా ఉంటే ఎంత బాగుండును అనుకున్నాడు.

రెండోది 'రెండో కాఫీ'. భర్త పోయి తొమ్మిదేళ్లయినా పొద్దున్నే చెయ్యి రెండు కప్పులకి నీళ్లు పోస్తుంది, ఆ పాట. వకుళ గారు వచ్చిన వాళ్లకి కాఫీ పెడదామని వంటింట్లోకి వెళ్లి, పాలు పొంగేదాకా ఏదో కూనిరాగం తీసింది. తాతాజీ గబుక్కున రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకున్నాడు. ఆవిడ కాఫీలూ పకోడీలూ ఉన్న ట్రే పట్టుకొచ్చి అతన్ని అలాగే చూసింది.

"అంత దరిద్రంగా ఉందాండీ?"

"లేదమ్మా. బాగుంటుందేమోనని."

ఆవిడ పకపకా నవ్వింది. సాక్షుల్లో ఒకాయన కూడా నవ్వాడు. అదే క్షణంలో ఫోటోగ్రాఫరు ఫోటో తీశాడు. ఆ ఫోటో ఫైల్లో విజయవాడ వెళ్లి, జాయింట్ డైరెక్టరు మృత్యుంజయరావు గారి చేతి రాతతో తిరిగొచ్చింది: 'ఒంటరితనమును చూపు ఛాయాచిత్రమునందు నలుగురు వ్యక్తులు, నవ్వులు, పకోడీలు కలవు. వివరణ కోరడమైనది.'

రెండోసారి ఆవిడొక్కతే ఉన్న ఫోటో పంపాడు. 'ఈ ఛాయాచిత్రము తీసినవారెవరు? వారు ఆ సమయమున గదిలో లేరా?' అని అడిగారు. సెల్ఫీ పంపాడు. 'స్వయం ధ్రువీకరణ చెల్లదు' అన్నారు. మూడు వారాల మీద ఒక స్పష్టీకరణ వచ్చింది. ఇంటి గోడకు వెలుపల ఉన్నవారిని ఒంటరితనం లెక్కలోకి తీసుకోనక్కర్లేదట. ఆ మాట మీద తాతాజీ ఎదురింటి మేడెక్కి, వాళ్ల దండెం మీది చీరలు పక్కకి తప్పించి, కిటికీలోంచి వకుళ గారిని ఫోటో తీశాడు. ఎదురింటావిడ ఇరవై నిమిషాలు కేకలేసింది. ఫోటో మాత్రం ఆమోదం పొందింది. అందులో వకుళ గారు ఒక్కతే బల్ల ముందు కూర్చుని, ఎదురుగా ఉన్న కప్పుని చేత్తో కొంచెం అవతలికి జరుపుతోంది. ఎవరికి జరుపుతోందో ఫోటోలో లేదు. తాతాజీ ఆ ఫోటో ఫైల్లో పెట్టే ముందు అవసరమైన దానికంటే కాసేపు ఎక్కువే చూశాడు.

*

ఏడు పాటలు అలా గట్టెక్కాయి. ఎనిమిదోదాని పేరు 'కమలా'.

"ఈ అనుభూతి పేరేంటమ్మా?"

"తప్పు చేశాననుకోవడం."

"పశ్చాత్తాపం," అని రాసుకున్నాడు. "మొదలైన తేదీ?"

ఆవిడ తడుముకోలేదు. "తొంభై ఎనిమిది, ఆగస్టు. మేరీ కమలా నేనూ ఆర్కెస్ట్రాలో జంటగా పాడేవాళ్లం. అది కీబోర్డు వాయిస్తూ రెండో గొంతు పాడేది. దాని రెండో గొంతు లేకపోతే నా మొదటి గొంతుకి కాళ్లుండేవి కావు. మద్రాసు నుంచి కేసెట్ కంపెనీ వాళ్లు ఉత్తరం రాశారు, ఇద్దర్నీ రమ్మని. ఉత్తరం నాకొచ్చింది. నేను దానికి చెప్పలేదు. ఒక్కదాన్నే వెళ్లొచ్చాను."

"తర్వాత?"

"తర్వాతేముందండీ. కేసెట్టు ఆడలేదు. కమల నాలుగేళ్ల క్రితం పోయింది. మధ్యలో ఇరవై మూడేళ్లు మేమిద్దరం రోజూ మాట్లాడుకున్నాం, ఆ విషయం తప్ప."

నిబంధన ప్రకారం పశ్చాత్తాపానికి బాధితుల వాంగ్మూలం కావాలి. బాధితులు లేని పక్షంలో చట్టబద్ధ వారసులది కావాలి. కమల గారి కూతురు స్టెల్లా ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో నర్సు. క్యాంటీన్‌లో ఇడ్లీ తింటూ అతను చెప్పిందంతా విని, చెంచా కింద పెట్టింది.

"మా అమ్మ బాధపడిందా అని అడుగుతున్నారా? లేదండి. వకుళాంటీ మద్రాసు వెళ్లిందని అమ్మకి ఆ వారమే తెలుసు. నవ్వింది. 'అది చెప్పుంటే నేనూ ఎక్కాల్సొచ్చేది, నాకా బస్సు పడదు, దారంతా కక్కుకోవాలి' అంది."

"అసలు బాధ లేదా?"

"లేదండి."

"కొంచెం కూడా?"

"ఏం, పడ్డట్టు రాయాలా? ఎంత రాసుకుంటారు?"

"కాదమ్మా. ఉన్నది ఉన్నట్టే."

"అయితే లేదనే రాయండి," అని స్టెల్లా సంతకం చేసింది. "ఇదేదో ఆంటీకి చెప్పండి, పాపం మనసు తేలికపడుతుంది."

తాతాజీకి చాలా సంతోషం వేసింది. మంచి కబురు మోసుకెళ్లడం అతని ఉద్యోగంలో ఎప్పుడూ లేదు. ఆటో దిగీ దిగగానే రెండంతస్తులూ ఎక్కి, ఆయాసపడుతూనే చెప్పాడు. "అమ్మా, కమల గారు అసలేమీ అనుకోలేదట!"

వకుళ గారు చదువుతున్న పేపరు మడిచింది. "తెలుసండీ."

"తెలుసా?"

"కమలే చెప్పింది. నవ్వుతూనే చెప్పింది, పోయేముందు. అదే కదండీ కష్టం. తిట్టి ఉంటే, ఒక చెంపదెబ్బ కొట్టి ఉంటే, ఆ పాట అప్పుడే అయిపోయేది. అది అనుకోలేదు కాబట్టి నేను చేసింది చెయ్యనట్టు అయిపోతుందా?"

నమూనా-7లో ఈ ప్రశ్నకి గడి లేదు. ఆవిడే మళ్లీ అడిగింది, మాట మార్చడానికి అన్నట్టు: "మీరు ఇన్నేళ్లు తూచారు కదా, ఎప్పుడైనా తప్పు తూచారా?"

"లేదమ్మా," అన్నాడు వెంటనే. "రికార్డు చూసుకోవచ్చు."

*

పది రోజుల్లో కాయితం వచ్చింది. బాధితులకు హాని జరగలేదు కనుక ఎనిమిదో పాట అనుభూతి నిరాధారం. దాన్ని తొలగిస్తే మిగతా ఏడు పాటలనీ విడుదల చేయడానికి మండలికి అభ్యంతరం లేదు. తాతాజీ కాయితం చదివి వినిపించి, "ఏడు పాటలు వస్తాయమ్మా, ఏడంటే తక్కువేం కాదు," అని తన మాటగా కలిపాడు.

"ఆ ఏడూ ఈ ఒక్కదాని చుట్టూ తిరిగినవేనండీ," అంది వకుళ గారు. ఈసారి నవ్వలేదు. "మోకాళ్ల గురించి పాడుకోవడానికా నేనింత కష్టపడింది? మిగతావన్నీ గది బయట నిలబడి తలుపు తట్టడమే. ఇదొక్కటే లోపలికి వెళ్లింది. ఇది లేకపోతే ఏదీ వద్దు. ఇంకో ఆల్బం చేస్తానన్న నమ్మకం కూడా నాకు లేదు. గొంతులో పైస్థాయి ఇప్పటికే పక్కింటి నుంచి అడిగి తెచ్చుకున్నట్టు ఉంటోంది."

"విచారణ కోరుకోవచ్చమ్మా. అర్జీ పెట్టుకుంటే మండలి ముందు మీ మాట చెప్పుకోవచ్చు."

"నా తప్పు నిజమని నేనే వాదించుకోవాలా?"

"అంతేనమ్మా."

"బాగుంది. కోర్టుల్లో అందరూ తప్పు చెయ్యలేదని కొట్టుకుంటారు," అంటూ ఆవిడ అర్జీ రాసి ఇచ్చింది.

*

విచారణ మండలి సమావేశ మందిరంలో జరిగింది. మృత్యుంజయరావు గారు మధ్యలో కూర్చున్నారు, ఒక పక్కన మనస్తత్వ సలహాదారు, ఇంకో పక్కన ఫైళ్లు. తాతాజీకి గోడవారగా కుర్చీ వేశారు. వకుళ గారు ఎదురుగా, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

జాయింట్ డైరెక్టరు గారు కళ్లద్దాలు సవరించుకుని అందుకున్నారు. "సదరు గాయని గారు గత ఇరవయ్యేడు సంవత్సరములుగా ఏ విధమైన ఆధారమూ లేకుండా, సంబంధిత వ్యక్తి అనుమతి పొందకుండా, పశ్చాత్తాపమును అనుభవించుచున్నట్లు తేలినది. ఈ విషయమై సలహాదారు వారి అభిప్రాయం?"

"ఇది పశ్చాత్తాపం కాదండి, అలవాటు," అన్నాడు సలహాదారు. "కొందరు గోళ్లు కొరుక్కుంటారు."

"కావున పదిహేను దినములలోగా దీనిని నిలిపివేయవలసినదిగా గాయని గారికి సూచించడమైనది."

"నిలిపేశానని ఎవరు చూసి చెప్తారండీ?" అడిగింది వకుళ గారు.

"దానికి నమూనా-8 తయారవుతున్నదమ్మా. తొందరపడకండి."

"పోనీ, ఒక్కసారి ఆ పాట వినకూడదాండీ? నాలుగు నిమిషాలే."

గదిలో కలకలం రేగింది. సలహాదారు కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. మృత్యుంజయరావు గారు అరచెయ్యి ఎత్తారు. "అమ్మా! మేము మిమ్మల్ని గౌరవిస్తున్నాము. మీరూ మా నిష్పక్షపాతమును గౌరవించండి. పాటను పాట వల్ల నిర్ణయించడం మొదలుపెడితే ఇన్ని ఫైళ్లు ఎందుకు?"

వకుళ గారు సంచీ జిప్పు తెరిచింది, మళ్లీ వేసింది. ఆ జిప్పు చప్పుడుకే తాతాజీకి తెలిసిపోయింది. ఇక లేచి వెళ్లిపోతుంది. వెళ్లి ఎనిమిది పాటలనీ తలుపు వెనకాల పెట్టుకుని, తన కాఫీ తాను తాగుతుంది.

"అయితే తొమ్మిదో నిబంధన పాటించకుండా ముగించలేము," అంటూ ఆయన పుస్తకం తెరిచి చదివారు. "తిరస్కరించే ముందు సదరు అనుభూతిని ఎరిగినవారెవరైనా కలరా అని సభలో మూడుసార్లు పిలువవలెను. ఒక్కరు నిలబడినను తిరస్కరించుటకు వీలు లేదు. అయితే నిలబడినవారు అదే అనుభూతి తమకెప్పుడు కలిగినదో వివరములు సమర్పించవలెను. దానిని కూడా నమూనా-7 కింద తనిఖీ చేయుదురు." పుస్తకం మూశారు. "ఇంతవరకు ఎవరూ నిలబడలేదు. అది వేరే సంగతి. పిలవవయ్యా."

తలుపు దగ్గరున్న అటెండరు గొంతు సవరించుకుని, వరండాలో పావురాలు లేచేలా పిలిచాడు. "ఈ అనుభూతిని ఎరిగినవారెవరైనా ఉన్నారా? ఒకటోసారి!"

తాతాజీ తన బూట్ల వంక చూసుకున్నాడు. ఎవరున్నారు ఇక్కడ? ఎవరూ లేరు. తనా? తను ధ్రువీకరించే అధికారి. తనకి రికార్డుంది. రికార్డులో... పిఠాపురం మార్కెట్టు, తొంభై నాలుగు. ఎండుచేపలమ్మే నూకరాజు. కాటా దండె వంగి ఉందని అనుమానం మీద తను లాక్కున్న కాటా. పరీక్షలో సరిగ్గానే ఉందని తేలింది, ఒక్క గ్రాము తేడా లేదు. తిరిగి ఇచ్చేద్దామనుకుంటూనే ఆ రోజూ మర్నాడూ వెళ్లలేదు. తప్పు తూచానని మార్కెట్టంతటి ముందూ ఒప్పుకోవాలి కదా. నాలుగో రోజు నూకరాజే దారిలో ఎదురయ్యాడు. 'పోన్లెండి బాబూ, అది మా తాతది, ఎలాగూ పాతదైపోయింది, కొత్తది కొనుక్కున్నాను' అని నవ్వి, నమస్కారం కూడా పెట్టాడు. ఫిర్యాదు లేదు. ఫైలు మూసేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత ముప్పై యేళ్లూ తాతాజీ పిఠాపురం వెళ్లినప్పుడల్లా ఎండుచేపల వీధి వదిలి చుట్టూ తిరిగి వెళ్లేవాడు. వాసన పడదని ఇంట్లో చెప్పేవాడు. భార్య నమ్మింది. తనూ నమ్మాడు.

"రెండోసారి!"

ఆ కాటాకి ఒక పళ్లెంలో నూకరాజు నవ్వు ఉంది. రెండో పళ్లెంలో తనున్నాడు. ముప్పై యేళ్లుగా ముల్లు మధ్యకి రాలేదు. అవతలి వాళ్లు ఎంత నవ్వితే అంత తను కిందికి దిగుతాడు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. నిలబడితే ఇదంతా రాయాలి. రేపు ఎవరో కుర్ర ఇన్‌స్పెక్టరు నమూనా పట్టుకుని నూకరాజు కొడుకుల్ని వెతుక్కుంటూ వెళ్తాడు. 'మీ నాన్న బాధపడ్డాడా?' 'లేదండి.' 'కొంచెం కూడా?' ఇంట్లో భార్య చదువుతుంది. ఆఫీసులో అందరూ చదువుతారు. ఇంకో నాలుగైదు నెలలు ఊరుకుంటే శాలువా కప్పి పంపిస్తారు. ఊరుకోవడంలో తనకి ముప్పై ఒక్క యేళ్ల అనుభవం ఉంది.

వకుళ గారు వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరైనా ఉంటారేమోనని ఎదురుచూస్తున్న వాళ్లే అలా తిరగరు.

అటెండరు మూడోసారికి ఊపిరి పీల్చుకున్నాడు. మృత్యుంజయరావు గారు కలం మూత అప్పటికే తీసేశారు.

తాతాజీ లేచి నిలబడ్డాడు.